ఫ్రీడాకు పెట్టిన ఉలవలు

ఇన్నేళ్ళుగా ఒక తప్పు మోస్తున్నాను. నా భార్యకు సగం తెలుసు. మిగతా సగం మీకే చెబుతున్నాను.

కరోనా వచ్చిన మొదటి చలికాలం. జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో మా ఆఫీసు మూసేసి ఇంటినుంచే పని చేయమన్నారు. మేముండే పల్లె చివర ఇంగ్రిడ్ అనే పెద్దావిడకు రెండు గుర్రాలుండేవి. ఫ్రీడా ముసలిది, పళ్ళు అరిగిపోయిన ఆడగుర్రం. మాక్స్ పడుచుది. సాయం చేసే అమ్మాయి లాక్‌డౌన్‌తో రావడం మానేసింది. మోకాళ్ళ నొప్పులతో ఇంగ్రిడ్ సాయంత్రాలు మంచులో నడవలేకపోయేది. ఆవిడ మధ్యాహ్నం నానబెట్టి ఉంచిన మేతను సాయంత్రం నేను పెడతానన్నాను.

మాక్స్‌కు ప్రతిదీ భయమే. గాలికి తలుపు కొట్టుకున్నా ఎగిరిపడేది. ఫ్రీడా చెవి కూడా కదిపేది కాదు. పడుచు గుర్రం ఏమీ లేకపోయినా గోల చేస్తుందనీ, ముసలిది నొప్పి ఉన్నా బయటపడదనీ, దాన్ని మనమే కనిపెట్టుకుని ఉండాలనీ ఇంగ్రిడ్ మొదటిరోజే చెప్పింది. విన్నాను. తల కూడా ఊపాను.

కానీ నా తెలివి ఊరుకుంటుందా? గుర్రానికి ఉలవలు పెట్టాలని తెలుగువాడికి ఒకరు చెప్పాలా? ఈ జర్మన్లకేం తెలుసు ఉలవల బలం అనుకుని, ఇండియన్ షాపులో కొని, పొద్దున నానబోసి, సాయంత్రం డబ్బాలో పోసుకున్నాను.

“ఇంకా గట్టిగనే ఉన్నయి. జర ఉడకబెట్టరాదు?” అంది నా భార్య.

మీటింగుల మధ్య లేచి వచ్చినవాణ్ణి. గుర్రం పళ్ళకు ఇదో లెక్కా అని వెళ్ళిపోయాను.

మాక్స్ మూతి పెట్టి, తుమ్మి, గిన్నెను తన్నేసింది. ఫ్రీడా మాత్రం తల వంచి అన్నీ తినేసింది. ఎంత మర్యాద, అనుకున్నాను. నమలకుండా మింగుతోందని చూడలేదా? చూశాను.

కాసేపటికి మాక్స్ గోడను తన్నడం మొదలుపెట్టింది. ఫ్రీడా వైపే చూస్తూ ఆపకుండా సకిలించింది. ఫ్రీడా మెడ ముందుకు చాచి, కదలకుండా నిలబడింది. ముక్కులోంచి గోధుమరంగు నురగ కారుతోంది. చలికి జలుబు చేసిందనుకున్నాను. అనుకున్నానా, అలా అనుకుంటే ఇంటికి పోవచ్చని సర్దిచెప్పుకున్నానా? ఇంగ్రిడ్‌కు ఫోన్ చేస్తే ఏం పెట్టావని అడుగుతుంది. అందుకే చేయలేదు. గోల చేస్తున్న మాక్స్‌నే కసిరి, లైటు ఆపి వచ్చేశాను. ఆ తన్నుల చప్పుడు దారి మలుపు దాకా వినిపించింది.

పొద్దున ఇంగ్రిడ్ పిలిచింది. నేను వెళ్ళేసరికి పశువుల డాక్టర్ వచ్చి ఉన్నాడు. గొంతులో మేత అడ్డుపడి ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నాడు. నిన్న సాయంత్రమే పిలిచుంటే బతికేదన్నాడు. ఇక చేసేదేమీ లేక ఇంజక్షన్ ఇచ్చి దాని బాధ తీర్చాడు. ఫ్రీడా అప్పుడూ చప్పుడు చేయలేదు. వాళ్ళు బయట మాట్లాడుకుంటుంటే, మాక్స్ తన్నేసిన ఉలవలను గడ్డిలోంచి ఏరి జేబులో వేసుకున్నాను.

తర్వాత ఇంగ్రిడ్ మాస్కు పైన కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“మేత నేనే సరిగ్గా నానబెట్టలేదేమో. ఈమధ్య చూపు కూడా ఆనడం లేదు. నా వల్లేనంటావా?”

“అయ్యుండొచ్చు,” అన్నాను.

నా జర్మన్ అంతంతమాత్రం. ఆ మాట మాత్రం ఒక్క తడబాటు లేకుండా వచ్చింది.

గుర్రాలను పెంచే అర్హత తనకు లేదని ఆవిడ మాక్స్‌ను అమ్మేసింది. పాక ఖాళీ అయ్యింది. ఇప్పటికీ బేకరీ దగ్గర కనిపిస్తే, ఆ చలికాలం తోడున్నావని నా చేయి పట్టుకుంటుంది. చెప్పేద్దామని నోరు తెరుస్తాను. వాన గురించి మాట్లాడి వచ్చేస్తాను. నాకు నా మీదే అసహ్యం.

ఇంగ్రిడ్‌కు తెలుగు రాదు. అది తెలిసే తెలుగులో రాస్తున్నాను. ఫ్రీడాను చంపింది ఆవిడ కాదు, నేను. రాశాక గుండె కాస్త తేలికైంది. ఆవిడ గుండె మాత్రం ఇంకా అలాగే ఉంది.