సత్యవతక్క కుట్టుమిషను బేరం

ఒక్క కుట్టుమిషను కోసం నా పరువునీ, అక్కలాంటి మనిషినీ ఒకే పూట పోగొట్టుకోబోయిన కథ చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను.

నేను పనిచేసేది ఈ దినార్ల దేశంలో, సీఫ్ అనే పేటలో, ఐర్లండ్ మేడంగారింట్లో. నేను ఇస్త్రీ చేస్తుంటే ఆవిడ తల్లి, ఎనభై దాటిన పెద్దావిడ, పక్కన కూర్చుని తమ ఊరి పాతకాలం పశువుల సంత ముచ్చట్లు చెప్పేవారు. కొనేవాడు ఆవుకి వంకలు పెట్టాలట. అమ్మేవాడు ఉలకడు, పలకడు. కొనేవాడు విసురుగా వెళ్లిపోయి, వెనక్కి పిలిపించుకోవాలి. బేరం తెగితే అరచేతిలో ఉమ్మేసుకుని ఒకరి చేతిలో ఒకరు చరచాలి. అమ్మినవాడు అదృష్టం కోసం ఓ నాణెం తిరిగిచ్చేవాడట.

అప్పుడే ఇక్కడి హూరా పేటలో పనిచేసే సత్యవతక్క ఫోను చేసింది. మా పక్క ఊరావిడే. పని మానేసి మన ఊరికి వెళ్లిపోతోంది. "మిషను సంగతి మాట్లాడాలి, ఓసారి రావే" అంది.

సెలవు రోజుల్లో జాకెట్లు కుట్టుకోవాలని నాకు రెండేళ్ల కోరిక. సంత మొత్తం తలకెక్కించుకుని వెళ్లి, గుమ్మంలోనే మొదలెట్టాను.

"చక్రం కీచుమంటందక్కా. సూది వంకర. దీంతో కుడితే జాకెట్టు గోనెసంచి అవుద్ది."

అక్క నోరు తెరిచి, మూసింది. గట్టి బేరగత్తె అనుకున్నాను.

"ఎనిమిది దినార్లు" అన్నాను.

అక్క ఉలకలేదు.

"పోనీ పన్నెండు."

పలకలేదు.

"పదిహేను. ఇంక పైసా పెంచను. సరే, ఇరవై."

చూశారా, నాతో నేనే కుస్తీ పట్టి నేనే ఓడిపోతున్నాను. ఆఖరికి అరచేతిలో ఉమ్మేసుకుని చెయ్యి చాచాను.

"ఏవిటే ఈ అసయ్యం" అంటూ అక్క రెండడుగులు వెనక్కి వేసింది.

ఇక మిగిలింది వెళ్లిపోవడమే. అప్పగింతలనాటి పెళ్లికూతురిలా మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగాను. పిలుపు రాలేదు. కిందికి చేరేసరికి నా మీద నాకే సిగ్గేసింది. మిషను పోతే పోయింది, జ్వరమొస్తే గంజి కాచిపోసిన మనిషితో ఇలాగా? పరుగున పైకెక్కాను.

అక్క మిషనుకి దుప్పటి చుడుతోంది.

"నీకు ఊరికే ఇచ్చేద్దావని పిలిచానే. నన్ను నోరెత్తనిస్తే కదా" అంది. తర్వాత ఓరగా చూసి, "ఇంకా ఎందాకా పెంచేదానివి?"

"పాతిక దాకా, అక్కా."

అక్క మంచమ్మీద కూలబడి నవ్వింది. మిషను మూట నా వైపు తోసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండా పెట్టబోయిన చేతినే నేను చరచబోయాను.

మర్నాడు పెద్దావిడకి చెబితే కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "సంత బేరం కొత్తవాళ్లతోనమ్మా. ఇరుగుపొరుగుతో ఏం బేరం? వాళ్లకి మా గుడ్లు, మాకు వాళ్ల బంగాళాదుంపలు, అంతే."

ముందే చెప్పొచ్చుగా.

అందుకే మా ఊరి దేవుళ్లందరి సాక్షిగా ఒట్టేశాను: ఇకమీదట ఏ వస్తువు బేరమాడినా, అవతలివాళ్లు దాన్ని అమ్ముతున్నారో లేదో ముందు కనుక్కుంటాను.