కట్టులో ఉన్న తలుపు

మొన్న మా పెదనాయన పోయాడు. కబురు మిర్యాలగూడలో ఉన్న నాకు సూర్యాపేట బస్సు మీద వచ్చింది. పొద్దున సరేసు జిగురు కాచి, చెక్కలు అతికించి, తాళ్లు బిగించి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడట. ముద్ద నోటిదాకా రాలేదు. పనిలో ఏనాడూ తొందరపడని మనిషి దీనికి మాత్రం ఇంత తొందరపడ్డాడేమని, ఏడుస్తూనే కోపం వచ్చింది నాకు.

ఇంటి వసారాలోనే ఆయన వడ్రంగం పని. రెండు చెక్కల అంచులు కలిపి ఆకాశం వైపు పట్టి చూసేవాడు. నడుమ సన్నటి వెలుతురు కనబడినా మళ్లీ చిత్రిక పట్టాల్సిందే. సరేసు కాస్త ఎక్కువ పూస్తే పోదా అని నేనంటే, “జిగురు తప్పు దాస్తది గని, పట్టదు బిడ్డా” అనేవాడు.

సరేసు వేడి మీదే పని కావాలి. చల్లారిందా, అంతా గీకి మొదటికి రావాలి. అందుకని అది కాగే వేళ ఆ ఇంటికి ఎవరొచ్చినా మర్యాదలుండేవి కావు. ఒకసారి మా మిర్యాలగూడ రైసుమిల్లు సేటు పెట్టె చేయించుకుందామని వెళ్లాడు. “సేటూ, జర గా సెక్కల మీద కూసో, పైకి లేస్తున్నయ్” అన్నాడు పెదనాయన. సేటు తెల్లధోవతితో అలాగే కూర్చున్నాడు. ఇక లేవనా అని అడిగితే, “దేవుడు నీకు మంచి బరువిచ్చిండు. ఇంకింత సేపు మాకియ్యి” అన్నాడట. సేటు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతాడు.

ఆయన చివరగా అతికింది కోదాడ నుంచి వచ్చిన ఒకావిడ తలుపు. ఊళ్లో గొడవల రోజుల్లో గుంపు మీద పడి వాళ్ల తలుపు పగలగొట్టింది, అందులోనే భర్తా పోయాడు. ఆమె ఆ చెక్కలనే బండి మీద తెచ్చింది. “కొత్తది వద్దండీ. ఇదుగో, ఈ చోట మా ఆయన చెయ్యి ఆనించి నెట్టేవాడు” అని అరిగిన జాగా చూపించింది. తలుపు లేక మంచం అడ్డం పెట్టుకుని పడుకుంటున్నానంది. పెదనాయన పగిలిన అంచులన్నీ సాపు చేసి, ఆ అరిగిన జాగా మీద మాత్రం చిత్రిక ఆననివ్వలేదు.

నేను వెళ్లేసరికి తలుపు ఇంకా తాళ్ల కట్టులోనే ఉంది. ఆయన ఉండగా కట్టు ఎవరినీ విప్పనిచ్చేవాడు కాదు. ఇప్పుడేమో మైల తీరేదాకా వసారాలో ఏదీ ముట్టొద్దని పెద్దలు కట్టడి చేశారు. సంగతి తెలియని కోదాడావిడ ఆ మర్నాడే బండి కట్టించుకుని వచ్చింది. వాకిట్లో మమ్మల్ని చూసి, “మళ్లీ వస్తానమ్మా” అని వెనక్కి తిరిగింది.

మూలన కూర్చున్న పెద్దమ్మ లేచింది. “ఆగమ్మా. ఇంకెన్ని దినాలు మంచం అడ్డం పెట్టుకుంటవ్?”

“మైలల గదేం పని?” అన్నారెవరో.

“తలుపు లేని ఆడిదానికి మైల జెప్పి పంపుతరా?” అని తనే కట్టు విప్పింది. ఆయనలాగే అతుకు అతుకు దగ్గరా వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విన్నది. “పట్టింది” అంది. “ఎనక పట్టీలు మీ ఊరి వడ్రంగి కొడతడు, తీస్కపో.”

అంచున పైకి ఉబికి ఎండిన సరేసు గీకుదామని ఉలి తీసుకుంది. ఒకచోట ఆగిపోయింది. ఆ సరేసులో పెదనాయన బొటనవేలి ముద్ర ఉంది.

కోదాడావిడ వంగి చూసి, పెద్దమ్మ చేతిలో ఉలి మెల్లగా తీసి పక్కన పెట్టింది. “ఉండనీ అక్కా” అంది.