సమర్థిస్తారా, వ్యతిరేకిస్తారా, చెప్పలేరా?

ఆవిడని ఆఫీసులో అందరూ టేపురికార్డరు అంటారు. ఎగతాళే అయినా అందులో కాస్త మెప్పు కూడా ఉంది. ఫోన్లు చేసి జనాభిప్రాయం అడిగే ఆ ఆఫీసులో, ప్రశ్నని ఒక్క అక్షరం మార్చకుండా, గొంతులో విసుగు బయటపడకుండా పొద్దస్తమానం చదవగలిగింది ఆవిడ ఒక్కతే. లోపల ఎంత విసుగుందో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ వారం ప్రశ్న ఇది. "ప్రస్తుతం తాత్కాలికంగా ఉన్న జడ్జి గారిని హైకోర్టు జడ్జిగా ఖాయం చెయ్యాలా వద్దా అని కొత్త చట్టం ప్రకారం త్వరలో శాసనసభలో ఓటింగు జరగబోతోంది. ఆయన్ని ఖాయం చెయ్యడాన్ని మీరు సమర్థిస్తారా, వ్యతిరేకిస్తారా, చెప్పలేరా?" మూడిట్లో ఒకటి చెబితే మీట నొక్కి ఇంకొకరి దగ్గరికి పోవచ్చు. కానీ మూడిట్లో ఒకటి చెప్పే మనిషి పుట్టాలిగా.

ఒకాయన కుళాయిలో నీళ్ళు రావడం లేదు, ముందు ఆ సంగతి చూడమన్నాడు. ఒకావిడ, "మా ఆయన బజారుకెళ్ళాడమ్మా, వచ్చాక నా అభిప్రాయం కనుక్కుని చెబుతా" అంది. ఇంకొకాయన జడ్జి గారి మీసకట్టు గురించి చాలాసేపు మాట్లాడి, అలాంటి మీసాలున్నవాళ్ళు మాట తప్పరని తేల్చి సమర్థించాడు. ఆ జడ్జికి మీసాలే లేవు. అయినా తప్పు దిద్దకూడదు, అది రూలు. "ధన్యవాదాలండీ" అని మీట నొక్కింది. ఈ కలగూరగంపంతా కలిపి, ప్రజల మనసులో మాట అని పేపరువాళ్ళు పెద్ద అక్షరాలతో వేస్తారు. అది చూసి సభలో పెద్దలు గాలి ఎటు వీస్తోందో తేల్చుకుంటారు. తలుచుకుంటే ఆవిడకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

అయితే ఈ వారం ఆవిడకి ఒక సుఖం కూడా ఉంది. ఎవరైనా "వ్యతిరేకం" అంటే చాలు, ఆ మీట కాస్త గట్టిగానే నొక్కేది. ఆ జడ్జి అంటే ఆవిడకి ఒళ్ళు మంట. వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఒకరోజు బస్సు మలుపులో అదుపు తప్పి దుకాణం గోడని గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఆయన్ని ఉద్యోగం నుంచి పక్కన పెడితే కోర్టుకెళ్ళాడు. అప్పటికింకా కింది కోర్టులో ఉన్న ఈ జడ్జే, ఈ మనిషి ఇక బస్సు నడపకూడదని తీర్పు రాశాడు. నర్సింగు చదువుతున్న కూతురు ఆ చదువు మధ్యలో వదిలేసి ఈ కుర్చీలో కూలబడింది. "కళ్ళజోడు పెట్టుకుంటే పోయేదానికి ఉద్యోగమే ఊడగొట్టాడు, వాడి నోట్లో మన్ను పడ" అని అమ్మ ఇప్పటికీ తిడుతుంది. ఆ జడ్జి టీవీలో కనబడితే నాన్న లేచి పెరట్లోకి పోతాడు. పాపం, ఆ మొహం చూడలేకపోతున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. అలాంటివాణ్ణి ఇంకా పైకెక్కిస్తారా? ఎక్కించకూడదు. లెక్కలో ఒక్క దొంగ మీట నొక్కలేదు గానీ, ఆవిడ మనసారా కోరుకున్నది అదే.

ఎవరికి ఫోను కలపాలో కంప్యూటరే చూసుకుంటుంది, నంబరు తెరమీద కనబడదు. తెలిసినవాళ్ళు తగిలితే మాత్రం రద్దు మీట నొక్కి వదిలెయ్యాలి. ఆ సాయంత్రం "హలో" అన్న మాట వెనకే చిన్న దగ్గు వినబడింది. ఆ దగ్గు వాళ్ళింట్లోది.

నాన్న. రద్దు చెయ్యాలి. కానీ, ఆ మనిషిని వ్యతిరేకించే హక్కు అందరికన్నా ఎక్కువున్నవాడి నోట ఆ మాట ఒక్కసారి వినాలనిపించింది. ప్రశ్న చదివింది. పుట్టి బుద్ధెరిగాక నాన్నని ఏనాడూ "అండీ" అన్న పిల్ల కాదు, పైగా అది ఆఫీసు గొంతు కాబట్టి ఆయన గుర్తుపట్టలేదు.

"సమర్థిస్తానమ్మా."

వేలు గాలిలోనే ఆగిపోయింది. కారణం అడగమని ఎక్కడా లేదు. టేపురికార్డరు మొదటిసారి సొంతంగా మాట్లాడింది. "ఎందుకండీ?"

"నేను బస్సు డ్రైవర్నమ్మా. నా కేసు ఆయన దగ్గరికే వచ్చింది. బ్రేకు పడలేదని మా వకీలు తెగ వాదిస్తున్నాడు. జడ్జి గారు మధ్యలో ఆపి, ఎదురుగోడ మీద గడియారంలో టైమెంతయిందో చెప్పమన్నారు నన్ను. నా చూపు కళ్ళజోడుకి లొంగేది కాదమ్మా, గడియారం ఎక్కడుందో కూడా ఆనలేదు నాకు. నోటికొచ్చింది చెప్పాను. ఆయన గడియారం చూశారు, నన్ను చూశారు. నలుగురిలో పల్లెత్తు మాట అనలేదు. కూర్చోమన్నారు, అంతే. నా బస్సులో బడిపిల్లలు ఎక్కేవాళ్ళమ్మా. నా అంతట నేనైతే దిగేవాణ్ణి కాదు. ఆయన దించారు."

"ఈ సంగతి మీ ఇంట్లో చెప్పలేదా అండీ?"

"ఎలా చెప్పేది? నా మూలంగా మా పెద్దపిల్ల చదువు పోయింది. అది ఆ కోపమంతా ఆ జడ్జి మీద పెట్టుకుని బతుకుతోంది. అదీ లాగేస్తే ఇంకెవరి మీద పెట్టుకోవాలి? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నా మాట లెక్కలో వేసుకుంటారు కదమ్మా?"

"వేసుకుంటామండీ" అంది, అదే అరిగిపోయిన ఆఫీసు గొంతుతో. రద్దు మీట నొక్కింది. పొద్దున్నుంచీ ఊళ్ళోవాళ్ళ ఊకదంపుడంతా లెక్కలో చేరింది. ఆ జడ్జికి ఎదురుగా నిలబడి వచ్చిన ఒక్కడి మాటా తెరమీంచి తుడిచిపెట్టుకుపోయింది. రూలు మీద కోపం రావాలి, నాన్న మీద రావాలి, జడ్జి మీద రావాలి. ఎవరి మీదకి పంపినా నిలబడక తిరిగొచ్చి తన మీదే పడుతోంది.

ఈలోగా కంప్యూటరు ఇంకెవరికో కలిపింది. ఆవిడ ప్రశ్న చదివింది. ఒక్క అక్షరం పోలేదు.

"ఏ జడ్జో నాకు తెలీదండీ. ఎవడైతే ఏంలెండి, వ్యతిరేకం అని రాసుకోండి" అన్నాడు అవతలాయన.

ఆవిడ రాసుకుంది.