పొద్దున్నే టైపు చేసిన మినిట్స్

ఈ రోజు మా వైద్య విశ్వవిద్యాలయంలో అధ్యాపకుల సమావేశం. ఇకపై పరిశోధన పత్రం ఏదైనా యాజమాన్యం ఒప్పుకుంటేనే ప్రచురించాలని తీర్మానం పెట్టారు. భీమవరం రొయ్యల చెరువుల్లో కూలీలకొచ్చే చర్మవ్యాధుల మీద పత్రం రాసిన పద్మావతి మేడం ఒక్కరే లేచి కుదరదన్నారు. మిగతావాళ్ళం తలలు వంచుకుని పెసరట్టు తిన్నాం.

మినిట్స్ రాసేది నేనే. మా ఆనవాయితీ ప్రకారం పొద్దున్నే టైపు చేసి ఉంచాను. సమావేశం అయ్యాక సంతకానికిస్తే పద్మావతి మేడం చదివారు.

“ఏకగ్రీవంగా అని ఉందేంటండి? నేను వద్దన్నాను కదా!”

“ముందే టైపు చేసేశామండి మేడం.”

“నేను మాట్లాడేది కూడా మీరే టైపు చేసేస్తే నాకు శ్రమ తప్పేది కదండీ,” అని సంతకం పెట్టకుండా వెళ్ళిపోయారు.

‘ఏకగ్రీవంగా’ అన్న మాట కొట్టేద్దామని పెన్ను తీశాను. ఆ పెన్నుతోనే కింద నా సంతకం పెట్టి ఫైలు పంపేశాను.

నా చోట మీరుంటే కొట్టేసేవారా? ఆలోచించి చెప్పండి. నిన్నటిదాకా నేనూ కొట్టేస్తాననే అనుకున్నాను.