ఒడిలోన్ కాపాడిన గోడ

"నలభై ఏళ్లుగా ప్రతి శుక్రవారం నా వంటింట్లో కూర్చుని మెక్కావు కదరా! ఫొటో తీసేటప్పుడు ఆ కిటికీని కూడా గుర్తుపట్టలేకపోయావా?" అన్నాడు కమీల్.

"లోపల్నించి చూశాన్రా దాన్ని! బయట్నించి నేనెప్పుడు చూశాను? వెనకనుంచి చూస్తే ఈ ఊళ్లో ఇళ్లన్నీ ఒక్కలాగే ఏడుస్తాయి" అన్నాడు ఒడిలోన్.

"మరి తీగ మీద ఆరేసిన నా లోపలి లాగులో? అవి కూడా ఊరందరివీ ఒక్కలాగే ఉంటాయా?"

"నీ లాగులు నేనెందుకు చూస్తాన్రా!"

కింద బట్టల రిపేరు దుకాణం నడిపే ఫతిహా మిషన్ ఆపి గుమ్మంలోకి వచ్చింది. "అయ్యా, ఆ లాగుల మోకాళ్ల దగ్గర అతుకులు వేసింది నేనే. ఫొటోలో అవి భలే స్పష్టంగా పడ్డాయట కదా. అక్కడ మీ పేరు వేసుకున్నారు, కాస్త నా పేరు కూడా వేస్తే పోయేది" అంది.

ముసలాళ్లిద్దరూ ఒకేసారి ఆమె వైపు గుడ్లురిమారు. ఆ పొద్దున వాళ్లిద్దరూ ఏకమైన విషయం అదొక్కటే.

వాళ్ల తలల మీద, తలుపుకి అతికించిన ఎర్ర నోటీసు గాలికి కొట్టుకుంటోంది. ఈ ఇంటినీ పక్కనున్న రెండిటినీ కూల్చి, తొమ్మిది అంతస్తులు కట్టుకుంటానని ఒక బిల్డరు దరఖాస్తు పెట్టాడు. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పుకోవచ్చు. బ్రస్సెల్స్‌లో ఇలాంటి ఎర్ర కాగితం అంటుకోని వీధి లేదు. పక్కింటి తలుపు మీద ఉన్నంతకాలం జనం దాన్ని వానలో తడవనిస్తారు. సొంత తలుపు మీదికి వచ్చినప్పుడే కళ్లజోడు వెతుక్కుంటారు.

కమీల్ స్ట్రోబాంట్స్ కళ్లజోడు వెతుక్కుని నాలుగు రోజులైంది. ట్రాము నడిపి రిటైరైన మనిషి. మిడీ స్టేషను వెనక ఈ ఇంటి మొదటి అంతస్తులో నలభై ఒక్క ఏళ్లుగా అద్దెకున్నాడు. భార్య మారియెట్ ఆ ఇంట్లోనే పోయింది. తనూ అక్కడే పోవాలని ఆయన ఏనాడో ఏర్పాటు చేసుకున్నాడు. ఇల్లుగలాయన మాత్రం అమ్మేశాడు. పొద్దున మున్సిపల్ ఆఫీసుకెళ్లి బిల్డరు ఫైలు తిరగేస్తే, పదిహేడో పేజీలో నల్లగా చెమ్మెక్కిన వెనక గోడ, వంకర తిరిగిన గొట్టం, తీగ మీద ఆయన లాగులు. కింద ఒక వాక్యం: "శిథిలావస్థ. నివాసానికి యోగ్యం కాదు." మూలన చిన్న అక్షరాల్లో ఫొటో తీసినవాడి పేరు: ఒడిలోన్ వాటర్స్.

అక్కడి గుమాస్తా పాపం మంచివాడు. "ఫొటో చాలా బాగా వచ్చింది, కాదూ?" అన్నాడు.

ఒడిలోన్‌ది ఒక వింత జీవితం. ఆండర్లెక్ట్‌లో మాంసం కొట్టువాడి కొడుకు. కత్తి పట్టనని మొండికేసి, రాత్రిబడిలో కెమెరా పట్టాడు. మొదట పెళ్లిళ్లు తీశాడు. పెళ్లికూతుళ్లు పదేళ్ల తర్వాత కూడా వచ్చి, నా ముక్కు ఇలా ఎందుకు తీశావని కొట్లాడేవాళ్లు. దాంతో విసిగి ఇళ్ల మీద పడ్డాడు. ఇళ్లు ఫిర్యాదు చెయ్యవు. పైగా వచ్చి అడుగుదామనుకునేసరికి సగం ఇళ్లు కూలిపోయి ఉంటాయి.

ఆయనకి పేరు తెచ్చింది ఒకటే ఫొటో. దాన్నే ముప్ఫై ఏళ్లుగా తీస్తున్నాడు. వాన నీటి మడుగు, అందులో తలకిందులుగా ఒక పాత ఇల్లు, దాని వెనక అద్దాల మేడ. "చూడండి, నిన్నా నేడూ చెట్టపట్టాలేసుకున్నాయి" అంటాడు. నిజానికి ఆ అద్దాల మేడ కట్టడానికి అలాంటి పాత ఇళ్లు పదకొండు కూల్చారు. మిగిలింది ఆ ఒక్కటే కాబట్టి చెట్టపట్టాలు వేసుకోక ఏం చేస్తుంది? క్యాలెండర్లలో ఆ సంగతి రాయరు.

అన్నం పెట్టింది మాత్రం వేరే పని. ఇల్లు కూల్చాలన్న బిల్డరుకైతే ఫిబ్రవరిలో, సాయంత్రం నాలుగింటికి, వాన వెలిసిన వెంటనే తీస్తాడు. కెమెరాని నేల దగ్గర పెడితే గోడలు మీద పడబోతున్నట్టు వస్తాయి. అదే ఇల్లు నిలబెట్టాలన్న సంఘాలకైతే మే నెలలో, పొద్దున ఏడింటికి, ఎదురింటి మేడ మీంచి. ఒకసారి ఒకే ఇంటి మీద రెండు పక్షాలూ, అభ్యంతరాలు వినే మున్సిపల్ కమిషన్ ముందుకొచ్చి, ఒకరి మొహాన ఒకరు ఊపుకున్న ఫొటోలు రెండూ ఈయనవే. ఇది తప్పు కదరా అని కమీల్ అప్పట్లోనే అడిగాడు. "నేను వెలుతురు తీస్తాన్రా, తీర్పులు తియ్యను" అన్నాడు ఒడిలోన్. సాసేజీ తింటూ అన్నాడు. ఆ సాసేజీ కమీల్‌దే.

వెనక గోడ ఫొటో కూడా అలాంటి వెలుతురులోదే. బిల్డరు ఆఫీసువాళ్లు ఇంటి నంబరు చెప్పలేదు. కార్ల పార్కింగు మేడ పైకెక్కి ఆ వరస వెనక భాగం మొత్తం తీసుకురమ్మన్నారు. ఎక్కాడు, తీశాడు, దిగాడు. ఊళ్లో ప్రతి ఇంటి ముఖమూ పేరుతో సహా తెలిసిన మనిషికి, తను తిన్న ఇంటి వీపు తెలియలేదు.

"సరే, నేనే పాడుచేశాను, నేనే బాగుచేస్తాను" అన్నాడు గుమ్మం ముందు, ఎర్ర నోటీసు కింద. "నీ ఇంటి ముందు గోడని ఎలా తీస్తానంటే, కమిషన్‌వాళ్లు లేచి నిలబడాలి."

"నాకు గోడ కాదురా, ఇల్లు కావాలి."

"గోడ నిలబడితే ఇల్లు ఎక్కడికి పోతుంది?"

కమీల్‌కి ఆ మాట సబబుగానే తోచింది. అదే ఆయన చేసిన తప్పు.

గడువులో పదకొండో రోజున ఎండ వచ్చింది. ఎదురింటి కప్పు మీద ఒడిలోన్ నాలుగు గంటలు పిల్లిలా పాకాడు. నిజం చెప్పాలంటే ఫొటో అద్భుతంగా వచ్చింది. ఇనుప బాల్కనీ, చూరు కింద గోడ మీద నూటపాతికేళ్ల నాడు ఎవడో గీసిన, పసుపుపచ్చ గసగసాల పూలు పట్టుకున్న అమ్మాయి బొమ్మ, పక్కన అద్దాల మేడలో ఆమె నీడ. మనిషంత ఎత్తు ప్రింటు వేయించాడు.

విచారణ రోజున బల్ల వెనక అయిదుగురు. ఒడిలోన్ ప్రింటు విప్పగానే గదిలో ఒక నిట్టూర్పు లేచింది. అధ్యక్షురాలు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "ఇంత అందం మన ఊళ్లోనే ఉందా!" అంది. రోజూ ఆమె ఎక్కే ట్రాము ఆ ఇంటి ముందునుంచే పోతుంది.

తర్వాత కమీల్ వంతు. రెండే నిమిషాలు. జేబులో కాగితం ఉంది. అందులో వంటిల్లు, ముప్ఫై నాలుగు మెట్లు, మారియెట్ పోయిన గది, ఈ వయసులో ఎక్కడికి పొమ్మంటారన్న ప్రశ్న, అన్నీ రాసుకున్నాడు. కానీ అందరూ తన ఇంటినే చూసి మురిసిపోతుంటే ఆయన ఛాతీ ఉబ్బింది. కాగితం తియ్యలేదు.

"ఆ అమ్మాయి ఉందే, గసపూల అమ్మాయి, ఆవిడ మొహం ఏటా మా ఆవిడే కడిగేది. బాల్కనీలోంచి, మెత్తటి బ్రష్షుతో! ఒకసారి ముక్కు దగ్గర రంగు పెచ్చు లేచింది..."

అలా ముక్కు దగ్గరే రెండు నిమిషాలూ అయిపోయాయి. వెనక వరసలో ఫతిహా తల పట్టుకుంది. "వంటిల్లు, పెద్దాయనా, వంటిల్లు!" అని గుసగుసగా అరిచింది. గంట కొట్టేశారు.

నిర్ణయం మూడు వారాలకి వచ్చింది. ముందు గోడ నగరానికి గర్వకారణం; గసపూల అమ్మాయితో సహా దాన్ని యథాతథంగా నిలబెట్టాలి. నివాసి కూడా దాని విలువ గురించే మాట్లాడాడు. గోడ వెనక ఉన్నదానికి మాత్రం ఏ విలువా లేదు. పదిహేడో పేజీ చూడగలరు. అక్కడ తొమ్మిది అంతస్తులు కట్టుకోవచ్చు.

కమిషన్ ఒడిలోన్ తీసిన రెండు ఫొటోలనీ నమ్మింది.

"గెలిచాం రా!" అంటూ గ్యూజ్ బీరు సీసాతో మెట్లెక్కాడు ఒడిలోన్. కమీల్ నోటీసు రెండో పేజీ చదువుతున్నాడు, ఖాళీ చెయ్యాల్సిన తేదీ కోసం. సీసా ఒడిలోన్ తనే తెరిచాడు, తనే తాగాడు. ఫతిహా దుకాణం అంతకు ముందే సర్దేసింది. కమిషన్ గురించి ఆమె ఒకటే మాటంది: "నా దగ్గరికి కోటు తెచ్చి, గుండీలుంచి బట్ట పారెయ్యమన్నవాళ్లని ఇంతవరకూ చూళ్లేదు."

ఇప్పుడు కమీల్ ఉండేది ట్రాము ఆఖరి స్టాపు దగ్గర, ఏడో అంతస్తులో. ఆ ఇంటికి ముందేదో వెనకేదో తెలియదు. నాలుగు వైపులా ఒకటే. ఓ రోజు భోజనం వేళ ఫోను మోగింది.

"ఒరేయ్ కమీల్, నీ గోడ దగ్గరున్నాను" అన్నాడు ఒడిలోన్.

"ఎలా ఉంది?"

"రాజాలా ఉంది. వెనక అంతా తవ్వేశారు, గొయ్యి. ఇనుప దూలాలు ఆనించి నిలబెట్టారు. అవి కనబడకుండా తీస్తాలే. బిల్డరు కొత్త ఫ్లాట్లకి పుస్తకం వేస్తున్నాడు. అట్ట మీద మన గోడే. 'చరిత్రలో కాపురం పెట్టండి' అని."

కమీల్ పళ్లెం పక్కకి జరిపాడు.

"ఒకటే చిక్కొచ్చిందిరా. కిటికీల్లోంచి ఆకాశం కనబడుతోంది. మబ్బులు కూడా పోతున్నాయి. మనుషులున్న ఇల్లులా లేదు." గొంతు తగ్గించాడు. "ఆ కిటికీలకి మారియెట్ అల్లిన లేసు తెరలు పారెయ్యలేదు కదా? ఒక్క పూట ఇచ్చి పుణ్యం కట్టుకో. వచ్చేటప్పుడు కాస్త ఇస్త్రీ చేసి పట్టుకురా."