గేట్‌మన్ చేతిలో సీసా

వరంగల్‌లోని ఓ చిన్న నాటక సమాజంలో నేను నటిస్తుంటాను. ఆట అయ్యాక మేకప్ కడుక్కోకుండానే స్టేజీ మీద కుర్చీలేసుకుని, ప్రేక్షకులు అడిగినదానికి జవాబులు చెప్పడం మా అలవాటు.

రెండేళ్ల కింద ఓ నాటకం వేశాం. కాజీపేట దగ్గర రైల్వే గేటు వేయకుండా నిద్రపోయి, ఉద్యోగం పోగొట్టుకున్న గేట్‌మన్ కథ అది. చాయ్ హోటల్లో విన్నదాన్ని నేనే రాశాను, ఆ వేషమూ నేనే వేశాను. జనం నవ్వుతారని వాడి చేతిలో సారా సీసా ఒకటి పెట్టాను. బాగానే నవ్వారు.

చర్చ మొదలవగానే నాలుగో వరుసలోంచి ఓ పెద్దామె లేచింది. మైకు అందుకుంది.

“బిడ్డా, గా గేట్‌మన్ మా ఆయిన. గా దినం జరంతోని ఒళ్లు కాలుతాంటె డ్యూటీకి పోయిండు. పానం పోయేదాంక చుక్క ముట్టలే. సీసా ఎవలు చూసిన్రు?”

హాలంతా నన్నే చూస్తోంది. సీసా ఇంకా నా ఒళ్లోనే ఉంది.

“ఎవ్వలు చూడలేదమ్మా. జనం నవ్వుతరని నేనే పెట్టిన.”

“మేం నవ్వలే,” అని కూర్చుంది. పక్కనున్న మనవరాలు తలెత్తలేదు.

మర్నాటి ఆటలో సీసా తీసేసి, నుదుటికి తడిగుడ్డ కట్టుకున్నాను. ఆ సీనులో ఒక్కరూ నవ్వలేదు. విన్న ప్రతి కథ వెనకా ఓ ఇల్లుంటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

చర్చప్పుడు భయంభయంగా నాలుగో వరుస వైపు చూశాను. ఆమె వచ్చింది. ఈసారి మాత్రం ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొచ్చింది.