పోలమ్మ పంచి ఇచ్చిన వీధులు

పక్కింట్లో ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నారు. ఆ వాసనకు కుట్టుమిషను మీద నా కాలు ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను అనకాపల్లికి కొత్త కోడలిగా వచ్చినప్పుడు, ప్రతి బుధవారం పోలమ్మ ఈ వాసనతోనే మా గుమ్మంలోకి వచ్చేది. పూడిమడక నుంచి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చి, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగేది. అప్పటికే ఆమెకు డెబ్భై దాటి ఉంటాయి. ఆ ఈడు మగవాళ్ళు చేపల వేట మానేసి ఎప్పుడో ఒడ్డున కూర్చున్నారట.

ఒకరోజు గంప దించడానికి చెయ్యి వేస్తూ అడిగాను, "కొడుకులు చూడరా పోలమ్మా? ఇంకా ఎందుకీ తిరుగుడు?"

"సూత్తారమ్మా, బువ్వెడతారు. కానీ ఇంటికాడ నన్ను పోలమ్మా అని పిలిసీవోళ్ళెవరు? అక్కడందరికీ ముసిల్దాన్నే," అని నవ్వింది. "అలాగని పడిపోయీదాకా తిరగన్లే. ఏడాదికో ఈది ఒగ్గేత్తన్నాను."

ఒకప్పుడు ఆమెవి ఏడు వీధులు. ఒక్కొక్కటే తన ఊరి ఆడవాళ్ళకు ఒప్పజెబుతూ రాగా, నేను వచ్చేసరికి మూడు మిగిలాయి. అన్నిటికంటే చివర వదిలింది మా వీధి. దాన్ని, భర్త సముద్రంలో పోయిన నూకాలుకు ఇచ్చింది. నెలరోజులు వెంట తిప్పుకుని ఎవరింట్లో ఏ చేప తింటారో, మంచంలో ఉన్న ముసలమ్మ కోసం ఏ ఇంటి పెరటివైపు వెళ్ళాలో చూపించింది. తరువాత తను రావడం మానేసింది.

నూకాలు ఒంటరిగా వస్తే మా అత్తగారు మొహం తిప్పుకున్నారు. "పోలమ్మ వత్తే కొంటాం," అన్నారు. తక్కిన ఇళ్ళలోనూ అదే మాట. రెండు బుధవారాలు నూకాలు నిండు గంపతోనే తిరిగి వెళ్ళింది.

మూడో వారం పోలమ్మ తోడు వచ్చింది. ఆమె నెత్తిన గంప లేదు.

"నువ్వు ఏరి ఇయ్యి, తీసుకుంటాను," అన్నారు అత్తగారు.

"నేను మానేసేనమ్మా. ఇది ఏరిత్తాది," అని పోలమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఎవరూ కదలలేదు. అత్తగారు చెప్పకుండా ఆ ఇంట్లో నేనెన్నడూ ఏదీ కొనలేదు. ఆ రోజు మాత్రం పళ్ళెం తెచ్చి నూకాలు ముందు పట్టాను. ఆమె మంచివే ఏరి వేసింది. మధ్యాహ్నం అత్తగారు ఆ చేపలే తిన్నారు. పై బుధవారం తనే, "నూకాలూ, ఇలా రా," అని పిలిచారు.

నేను పళ్ళెం పట్టిన రోజే పోలమ్మను వీధి చివరిదాకా సాగనంపాను. సంతోషంగా ఉందనుకున్నాను. కళ్ళు తుడుచుకుంది.

"సేతులెక్కడెట్టుకోవాలో తెలీట్లేదమ్మా," అంది.

మళ్ళీ ఆమెను చూడలేదు.

ఇప్పుడు నాకూ ఆమె వయసు వచ్చింది. రవికల పని, నా దగ్గర కుట్టు నేర్చుకున్న సుశీలకు నిరుడే ఇచ్చేశాను. పిల్లల గౌన్లు ఇంకా నావే, వచ్చే ఏడు అవీ ఇచ్చేయాలి. ఎవరైనా రవిక గుడ్డ తెచ్చి నన్నే కుట్టమంటే సుశీల ఇల్లు చూపిస్తాను. వాళ్ళు వెళ్ళాక కాసేపు బాధగానే ఉంటుంది. ఈ బాధ పోలమ్మ నాకంటే ముందే పడిందనుకుంటే, తోడు ఉన్నట్టుంటుంది.